సైదమ్మ వేవిళ్లు

పెళ్లయిన పదహారేళ్లకు సైదమ్మకు పొద్దునపూట వాంతులు పట్టుకున్నాయి. ఊరంతా వేవిళ్లు అన్నది. కావని ఆమె ఒక్కదానికే తెలుసు. ఆమె మొగుడు గుర్వయ్య అడవికి పోయి ఎనిమిది నెలలయింది. ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు.

అది పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. డిండి వాగు ఒడ్డున బొల్లిగుట్ట అని గొల్లల పల్లె. జొన్న, ఆముదం తప్ప మరొకటి పండని చెలకలు. మనుషుల కంటే గొర్లు ఎక్కువ. సైదమ్మ అత్తగారి ఊరు అదే. తల్లిదండ్రులు సైదులు దర్గాకు మొక్కితే పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారు. ఆమె మొక్కితే మాత్రం ఎవరూ పుట్టలేదు. రెండోదాన్ని తెచ్చుకొమ్మని తల్లి నర్సింగమ్మ పోరుపెట్టినా గుర్వయ్య తెచ్చుకోలేదు. అందుకు సైదమ్మ అతని మీద ప్రాణం పెట్టుకుని ఉండేది.

గొర్ల వెంట తిరిగి తిరిగి గుర్వయ్యకు నల్లమల దారులన్నీ తెలుసు. రజాకార్లు ఊళ్ల మీద పడిన రోజుల్లో సంఘంలో చేరాడు. దళానికి దారి చూపేవాడు. నిజాం దిగిపోయాడన్న రోజున ఊళ్లో డప్పులు కొట్టారు. డప్పుల తోలు వదులు కాకముందే, పారిపోయిన దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని గడీకి తిరిగి వచ్చాడు. అతని వెనకే మిలిటరీ వచ్చింది. గడీలోనే క్యాంపు పెట్టారు. వాళ్లు వెతికింది సంఘపోళ్లను. గుర్వయ్య గొంగడి భుజాన వేసుకుని అడవిలోకి పోయాడు.

అడవికి పోయినవాళ్ల ఆడవాళ్లు రోజూ పొద్దున్నే గడీ ముందు హాజరు కావాలని క్యాంపు జమేదారు హుకుం. ఊరి పోలీసు పటేలు బాలయ్య పేర్లు పిలిచేవాడు. పలికి, పొమ్మనేదాకా ఎండలో నిలబడాలి.

సైదమ్మకు మొదట దూప పట్టుకుంది. ఎంత తాగినా తీరని దూప. పక్కన నిండు కుండ పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి అడుగు కనిపించేది. తాగిందంతా బయటికి పోయేది. పోయిన చోట చీమలు పట్టేవి. మొదటిసారి చూసి అక్కడ పుట్ట ఉందనుకుంది. జాగా మార్చింది. అక్కడికీ వచ్చాయి. బండ మీదికీ వచ్చాయి. తన ఒంట్లోంచి తీపి కారిపోతున్నదని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఎవరికైనా చెప్పుకునే మాట కాదది. ఏ పుట్ట తొక్కానో, ఏ పాపం తగిలిందో అనుకుని ఊరుకుంది.

ఒళ్లు చిక్కింది. నెలసరి ఆగింది. ఆ తర్వాత ఈ వికారం. కోడి కూసే వేళకు కడుపులో కవ్వం పెట్టి చిలికినట్టు మొదలయ్యేది. రాత్రి తాగిన గటక కదలకుండా అక్కడే ఉన్నట్టుండేది. నోట్లో ఉమ్మి ఊరేది, కళ్లు తిరిగేవి. కక్కితే ఇంత జొన్నరవ్వ, అంత చేదు నీళ్లు. పొద్దెక్కితే తగ్గేది. మళ్లీ తెల్లారేది.

ఒకరోజు హాజరులో తట్టుకోలేక గడీ గోడ పక్కకు పరిగెత్తి కక్కుకుంది. తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లు ఆమెనే చూస్తున్నారు. పక్కింటి లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కుండలకు కుండలు తాగుతుంటె ఏందో అనుకున్న. ఇది నీళ్లు తాగుతలేదే, నీళ్లు వోసుకున్నది!”

“నల్లమలకెల్లి పులులే దిగుతయనుకున్నం. మొగలు గూడ దిగుతున్నట్టున్నరు” అన్నది ఇంకొకతె.

అందరూ నవ్వారు. అందరి మొగుళ్లూ అడవిలోనో జైల్లోనో ఉన్నారు. ఆ నవ్వులో కొంత ఏడుపు ఉంది. సైదమ్మ పెదాలు బిగబట్టింది. నోరు తెరిస్తే మళ్లీ వస్తుందని భయం.

ఇంటికి పోయేసరికి ఆ మాట ఆమె కంటే ముందు పోయింది. నర్సింగమ్మ గడపలో కూర్చుని ఉంది.

“ఎప్పుడొచ్చిండే?”

“ఎవరత్తా?”

“ఎవరంటవేందే? నా కొడుకు.”

“రాలే.”

“నా తాన దాస్తవా? వానికి పెండ్లాం యాదికొచ్చింది గని తల్లి యాదికి రాలే. పోనీ తియ్యి. పానంతోని ఉన్నడు, నాకదే సాలు.”

“అత్తా, నీ మీద ఒట్టు. రాలే. నాకేదో బీమారొచ్చింది.”

“పదారేండ్ల సంది రానిది ఇయ్యాల వస్తె బీమారంటరానే? నోరు ముయ్యి. దిష్టి తగులుతది.”

ముసలిది కర్ర పట్టుకుని వాగు దాకా పోయి చింతచిగురు దూసుకొచ్చింది. పప్పులో వేసి పుల్లగా వండింది. ఉట్టి మీద దాచిన బెల్లం ముక్క కోడలి చేతిలో పెట్టింది. “తిను. ఇప్పుడు నీ ఒక్కదాని కడుపు గాదు” అన్నది. ఎనిమిది నెలలుగా నర్సింగమ్మ కొడుకు బతికున్నాడో లేడో తెలియక గోడకు ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. కొడుకు బతికున్నాడనడానికి ఆమెకు దొరికిన సాక్ష్యం కోడలి వాంతులే. సైదమ్మ మరి కాదనలేకపోయింది. బెల్లం తిన్నది. మరునాడు వికారం ఇంకా ఎక్కువయింది. ముసలిది ఇంకా సంబరపడింది.

నర్సింగమ్మ ఆ మాట లీలమ్మకు ఒక్కదానికే చెప్పింది, ఎవరికీ చెప్పవద్దని. లీలమ్మ కూడా అట్లాగే ఇంకొకరికి చెప్పింది. పోలీసు పటేలు బాలయ్య చెవికి చేరేనాటికి గుర్వయ్య ఏ దారిన వచ్చాడో, తల్లికి ఏం తెచ్చాడో కూడా కలిసింది.

బాలయ్య క్యాంపు నుంచి నలుగురు తుపాకుల మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లను ఇంటి వెనక గొర్లదొడ్డి చూరు కింద కూర్చోబెట్టాడు.

“అవ్వా, ఒక్కపారి వచ్చినోడు మళ్ల రాడా? వస్తె మేం గూడ జర పలకరిస్తం” అన్నాడు నర్సింగమ్మతో.

ముసలిది తన నోటిని తానే అరచేత్తో మూసుకుంది. అప్పటికి ఆలస్యమయింది.

ఆ వారంలోనే సైదమ్మ తమ్ముడు గోపయ్య మందను వాగుకు తోలుకొచ్చాడు. అతనిది పక్క ఊరు. మేత కోసం అమ్రాబాద్ దాకా పోయేవాడు. గొర్లు నీళ్లు తాగుతుంటే అక్క దగ్గరికి వచ్చి, ఒక గొర్రెపిల్ల కాలు పట్టి ముల్లు చూస్తున్నట్టు కూర్చున్నాడు.

“అక్కా, బావకు చలిజరం పట్టింది. మనిషి కట్టెపుల్లయిండంట. అమాస ఎల్లినంక ఇంటికొస్తడట. అమ్మను సూడాలె, నిన్ను సూడాలె అంటుండట.”

“రావొద్దని చెప్పు.”

“యాడ చెప్పాలె? దళం ఒక్క జాగల ఉంటలేదు. కబురు అటుకెల్లి వస్తది గని ఇటుకెల్లి పోదు.”

“దొడ్ల నలుగురు కూసున్నరు, తమ్మి.”

“సూసిన” అన్నాడు గోపయ్య. గొర్రెపిల్లను వదిలేశాడు. “నీకు నిజంగనే…?”

సైదమ్మ తల అడ్డంగా ఊపింది. అతను లేచి మందను అదిలించాడు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు.

మరునాడు హాజరు అయ్యాక జమేదారు ఆమెను గడీ లోపలికి పిలిపించాడు. అతనిది ఎక్కడో పైదేశం. అతను తన భాషలో అడిగితే బాలయ్య తెలుగులో అడిగేవాడు.

“మళ్ల ఎప్పుడొస్తడని అడుగుతున్నడు.”

“ఆయన రాలే పటేలా. ఇది బీమారి.”

“ఏం బీమారి?”

సైదమ్మ తల వంచుకుంది. ఎవరికీ చెప్పని మాట చెప్పింది. “నేను ఒంటికి పోయిన కాడ చీమలు పడుతున్నయి.”

బాలయ్య కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. జమేదారుకు ఆ మాట చెప్పాడు. అతనూ నవ్వాడు. అర్థం కాని సిపాయిలు కూడా, పెద్దవాళ్లు నవ్వుతున్నారని, నవ్వారు.

“చీమలు కడుపు చేస్తయా సైదమ్మ? మొగడు రాలేదంటవు. కడుపైతె అయింది. మరెవనిది?”

అమావాస్య దగ్గర పడుతోంది. దొడ్డిలో నలుగురు కూర్చుని ఉన్నారు. కడుపు గుర్వయ్యది అన్నంతకాలం వాళ్లు అక్కడినుంచి లేవరు. సైదమ్మ ఆ మాట ముందుగా అనుకుని రాలేదు. అది నోట్లోకి వాంతి వచ్చినట్టే వచ్చింది.

“మీ క్యాంపుల మనిషిదే.”

బాలయ్య దాన్ని జమేదారుకు చెప్పలేదు. ఏమన్నదని అతను అడిగాడు. తలుపు దగ్గర నిలబడ్డ సిపాయికి కొంచెం తెలుగు వచ్చు. అతను చెప్పాడు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. జమేదారు తన మనుషుల మొహాల వంక ఒక్కొక్కటిగా చూశాడు.

“పేరు చెప్పమంటున్నడు” అన్నాడు బాలయ్య, గొంతు తగ్గించి.

“చెప్త. మీ మిలిటరీ పెద్ద దొర వచ్చిననాడు, ఊరందరి ముంగట నిలబడి చెప్త.”

జమేదారు చేయి ఊపి అందరినీ పొమ్మన్నాడు. పొద్దు తిరగకముందే దొడ్డిలో కాపలా ఎత్తేశారు. ఆ ఇంటి చుట్టుపక్కలకు క్యాంపు మనిషి ఎవడూ పోవద్దని హుకుం వేశారు.

ఈ మాట కూడా ఆమె కంటే ముందే పోయింది. ఆమె ఇల్లు చేరేసరికి తన చీర, కంచం, నీళ్ల కుండ బయట పడి ఉన్నాయి. కుండ పగిలింది.

“నా కొడుకును సంపనీకి వచ్చినోనితోనా? ఛీ, నీ బతుకు మీద మన్నువడ! ఆ బెల్లం కక్కు. నా చేతి బెల్లం కక్కు!” నర్సింగమ్మ గుండెలు బాదుకుంటోంది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ముసలిదాని నోరు చిల్లికుండ. పొద్దున పోసింది సాయంత్రానికి పటేలు వాకిట్లో ఉంటుంది. సైదమ్మ చీర తీసుకుని దొడ్డిలోకి పోయింది. కాపలావాళ్లు తాగి పారేసిన బీడీముక్కలు ఊడ్చి, గొర్ల పక్కన పడుకుంది.

అమావాస్య వెళ్లింది. ఒక తెల్లవారుజామున వికారం ఆమెను లేపింది. కంచె దగ్గరికి పోయి వంగింది. అప్పుడు ఇంట్లోంచి గుసగుసలు వినిపించాయి. దొడ్డి కుక్కలు రెండూ వెనక గడప ముందు తోకలాడిస్తూ నిలబడి ఉన్నాయి. మొరగడం లేదు.

ముసలిది చెప్పకముందే తాను చెప్పాలి అనుకుంది. రెండడుగులు వేసేసరికి కడుపు మెలిపెట్టింది. మళ్లీ వంగింది. తలుపు తెరుచుకుంది.

గుర్వయ్య గొంగడి తల మీదుగా కప్పుకుని ఉన్నాడు. మొహంలో కళ్లు తప్ప ఏమీ మిగలలేదు. ఆ కళ్లతో ఆమెను చూశాడు. ఆమె నోటి నుంచి ఉమ్మి తీగ కిందికి వేలాడుతోంది. తల్లి చెప్పింది అబద్ధమేమో అన్న ఆశ ఏమన్నా ఉంటే, అది అక్కడ పోయింది. ఆమె ఆగమని చేయి ఎత్తింది. అతను ఉమ్మి, మొహం తిప్పుకున్నాడు.

అప్పుడే వాగు దారిన మాటలు వినిపించాయి. క్యాంపులో నౌకరీకి కుదిరిన ఇద్దరు కావడి మోసుకుని వస్తున్నారు. గుర్వయ్య ఇంటి వెనక లోతైన ఒర్రె వైపు తిరిగాడు. ఒర్రెలోకి దిగాలంటే పది గజాల ఖాళీ జాగా దాటాలి. దారి మలుపు తిరిగితే వాళ్లకు కనిపిస్తాడు. ఆమె కేక వేయడానికి లేదు. పేరు పెట్టి పిలవడానికి లేదు. నేను తప్పు చేయలేదని చెప్పడానికి లేదు. ఏ మాట పలికినా అది అతని పీకకే చుట్టుకుంటుంది.

సైదమ్మ కంచె దాటి దారి మధ్యలోకి పోయింది. నడుం విరిగినట్టు కూర్చుని, కడుపులో లేని దాన్ని పైకి తోడుతూ ఊరు లేచేంత గట్టిగా వోకారించింది. ఇద్దరూ మలుపు తిరిగి ఆగిపోయారు.

“అబ్బో, ఏవిళ్లు మస్తు జోరుమీదున్నయి!” అన్నాడు ముందున్నవాడు. “మా క్యాంపు పోరడు లోపల కవాతు చేస్తున్నట్టున్నడు.”

“దాని తానకు పోవద్దని జమేదారు చెప్పలేదార? మీద పడ్తది, ఇటు రా.”

వాళ్లు మొహాలు పక్కకు తిప్పుకుని, నీళ్లు ఒలకకుండా, ఆమెను చుట్టి పోయారు. ఆమె తల ఎత్తేసరికి ఒర్రె అవతల తంగేడు చెట్లు కదిలి ఆగాయి.

గుర్వయ్య బతికాడు. కబురు మాత్రం రాలేదు. గోపయ్య అడవి అంచుల దాకా పోయి నిజం చెప్పి పంపాలని చూశాడు. తిరిగి వచ్చిన జవాబు ఒక్కటే: “నాకు పెండ్లాం లేదని చెప్పుండ్రి.”

నెలలు గడిచాయి. సైదమ్మకు కడుపు ఎత్తుగా రాలేదు. ఊరు అప్పుడైనా తన మాట వెనక్కి తీసుకోవలసింది. తీసుకోలేదు. మందు మింగి దిగదీసుకుంది అన్నది. వాంతులు ఆగలేదు. మళ్లీ ఎవనితోనో అన్నది. గోపయ్య వచ్చి అక్కను తన ఊరికి తీసుకుపోయాడు. అక్కడ ఆమె గొర్రె ఉన్ని వడికేది. పొద్దున ఆలస్యంగా లేస్తుందని మరదలు సణిగేది.

రెండేళ్లకు సాయుధపోరు ఆపేశారన్నారు. అడవిలో మిగిలినవాళ్లు బయటికి వచ్చారు. గుర్వయ్య బొల్లిగుట్టకు రాలేదు. అమ్రాబాద్ పక్కన మంద పెట్టుకుని ఇంకొకతెను చేరదీశాడు. కొడుకు పుట్టాడు. నర్సింగమ్మ మనవడి దగ్గరికి పోయింది.

ఆ తర్వాతి ఎండాకాలం సైదమ్మ కాలి వేలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. పుండు మానలేదు. నల్లబడింది. గోపయ్య బండి కట్టి దేవరకొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు పుండును చూసి, ఒంటికి పోయి పట్టి తెమ్మని సీసా ఇచ్చాడు. దాన్ని నీలం రంగు మందులో కలిపి మంట మీద పెట్టాడు. నీలం పోయి ఇటుకపొడి రంగు వచ్చింది.

“దూప ఎక్కువా?”

“ఎక్కువే దొరా.”

“పోసిన కాడ చీమలు పడతయా?”

సైదమ్మ తమ్ముడి వైపు చూసింది. “పడతయి.”

“పొద్దుగాల్ల కడుపుల తిప్పుతదా? వాంతులైతయా?”

ఆ మాట నవ్వకుండా అడిగినవాడు అతనొక్కడే. గోపయ్య చెప్పాడు: “మిలిటరోళ్లు వచ్చినప్పటి సంది సారూ.”

“అది మిలిటరీ బీమారి గాదు, శక్కెర బీమారి. తిన్నది కడుపుల కదలకుంటనే ఉంటది. తెల్లారెవరకు తిప్పుతది. బెల్లం ముట్టొద్దు. సూదిమందు పట్నంలనే దొరుకుతది, అది రోజూ పడాలె.” రోజూ సూది అన్న మాటకు గోపయ్య నేల చూశాడు. డాక్టరు వేలు తీసేశాడు.

తిరుగు బండిలో గోపయ్య ఊరుకోలేదు. “అక్కా, కులం ముంగట పెడదాం. వాడు వచ్చి నీ కాళ్ల మీద పడాలె.”

కులం వాళ్లు కూర్చోవలసిన పని గుర్వయ్యే తెచ్చిపెట్టాడు. మొదటి పెండ్లానికీ అతనికీ మధ్య తెగదెంపుల పుల్ల విరవనిదే రెండోదాని కొడుకును కులంలో కలుపుకోబోమని పెద్దలు అన్నారు. బొల్లిగుట్ట రచ్చబండ దగ్గర కూర్చున్నారు. కులపెద్ద కాటమయ్య చేతిలో ఎండు పుల్ల పట్టుకున్నాడు. గుర్వయ్య వచ్చాడు. కొత్త రుమాలు చుట్టుకున్నాడు. నర్సింగమ్మ మనవడిని ఎత్తుకుని ఆడవాళ్లలో కూర్చుంది.

గోపయ్య డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. నీలం మందు, ఇటుక రంగు, చీమలు, పొద్దున వాంతులు. తర్వాత కాపలా గురించి, అక్క గడీలో ఆ మాట ఎందుకు అన్నదో చెప్పాడు. నర్సింగమ్మ ఒళ్లో పిల్లవాడిని గట్టిగా పట్టుకుంది.

“అయితె… అయితె అప్పుడు నా కొడుకు రానేలేదా?” అని గొణిగింది.

కాటమయ్య గుర్వయ్య వైపు తిరిగాడు. “విన్నవు గదరా. ఆమె తప్పు లేదంటవా? తప్పు లేదంటె పుల్ల ఇరువుడు లేదు. ఆమెను తోల్కపోవాలె, పెద్దింట్ల పెట్టాలె. నిందేసి ఇడిసిపెట్టిన తప్పు నీ మీద పడ్తది. చెప్పు.”

గుర్వయ్య నేల వైపు చూశాడు. అతనికి అర్థమయిందని సైదమ్మకు తెలిసింది. పదహారేళ్లు కాపురం చేసిన మనిషి. అర్థమయినప్పుడు అతని దవడ ఎట్లా బిగుసుకుంటుందో ఆమెకు తెలుసు. దవడ బిగుసుకుంది. తర్వాత తల్లి ఒళ్లో ఉన్న కొడుకును చూశాడు.

“బీమారి సంగతి నాకేం ఎరుక పెద్దయ్యా. ఆమె నోటితోని ఆమెనే అన్నది. నేను అనిపియ్యలె.”

“నీకోసం అన్నదిర!” గోపయ్య లేచాడు. ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు.

కాటమయ్య సైదమ్మను అడిగాడు. “నువ్వేమంటవు బిడ్డా?”

“ఆ పొద్దు వాగుకాడికెల్లి ఇద్దరు వస్తుండిరి. ఆయన ఒర్రెలకు ఎట్ల దిగిండో ఒక్కపారి అడుగుండ్రి” అన్నది.

కాటమయ్య అడిగాడు.

గుర్వయ్య రుమాలు సర్దుకున్నాడు. “నా నసీబు బాగుండె. బయటపడ్డ.”

సైదమ్మ లేచి, కుంటుతూ ముందుకు వచ్చి, చేయి చాపింది. కాటమయ్య పుల్ల ఒక కొస ఆమెకు, ఒక కొస గుర్వయ్యకు ఇచ్చాడు. అతను లాగకముందే ఆమె విరిచింది. ఎండు పుల్ల, పెద్ద చప్పుడు కాలేదు.

పెళ్లయిన ఆడది మొగుని పేరు పలకదు. ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లలతో చెప్పిస్తుంది. గుర్వయ్య ఆమె పోయే దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతిలో సగం పుల్లతో.

“గుర్వయ్యా” అన్నది సైదమ్మ, అందరికీ వినిపించేట్టు. “జర జరుగు. తొవ్వ ఇడువు.”

అతను జరిగాడు.